పల్నాటి ఎండల్లో పసివాళ్ల నిద్ర

పల్నాడు పేరు వినగానే మనకు పౌరుషం గుర్తుకొస్తుంది. కారంపూడి రణభూమి, నాగులేటి ఒడ్డు, పన్నెండో శతాబ్దపు వీరగాథలు కళ్లముందు కదులుతాయి. ఆ గాథలను బుర్రకథగా ఊరూరా వినిపించిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఒక దూదేకుల ఇంట పుట్టినవారన్న సంగతి మన పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ సీమ నరసరావుపేట కేంద్రంగా ప్రత్యేక జిల్లాగా ఉంది. ఈ వ్యాసంలో చెప్పదలచింది మాత్రం ఇక్కడి వేసవి ప్రయాణాల్లో కనిపించే అతిచిన్న వీరుల సంగతి. నిద్ర ముంచుకొస్తున్నా లొంగకుండా, ఏడుస్తూ, కాళ్లు తన్నుకుంటూ పోరాడే పసివాళ్ల సంగతి. ఆ పోరాటాన్ని మనం మొండితనమని పొరబడుతున్నాం. దాని ఫలితాన్ని పిల్లలు అనుభవిస్తున్నారు.

మే నెలలో నరసరావుపేట నుంచి మాచర్ల వరకు ఒక నికాహ్ కోసం చేసిన ప్రయాణంలో చూసినవీ, విన్నవీ, పిల్లల ఆరోగ్యం గురించి వైద్యశాస్త్రం చెబుతున్నవీ ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను.

నరసరావుపేట బస్టాండులో

పెళ్లిళ్ల రోజులు. ఉదయం పది గంటలకే బస్టాండు కిటకిటలాడుతోంది. ఒక యువతి ఒళ్లో ఏడాదిన్నర బాబు వెనక్కి విల్లులా వంగిపోయి ఏడుస్తున్నాడు. బిస్కట్ ఇస్తే విసిరేశాడు. సెల్‌ఫోనులో బొమ్మలు చూపిస్తే రెండు నిమిషాలు ఊరుకుని మళ్లీ అందుకున్నాడు. పక్కనున్న బంధువు ఒకరు "వీడికి గారాబం ఎక్కువైంది, రెండు తగిలిస్తే సరి" అన్నారు. ఎదురు బల్లమీద కూర్చున్న ఒక వృద్ధురాలు మాత్రం బాబు ముఖం చూసి, "కొట్టకండమ్మా, వాడికి నిద్ర దాటిపోయింది. రాత్రి ఎప్పుడు పడుకున్నాడు?" అని అడిగారు. ఆ తల్లి ఒక్కక్షణం ఆలోచించింది. "మెహెందీ కదా నానీ, పన్నెండు దాటింది. మళ్లీ తెల్లారకముందే లేపాం" అంది.

"నిద్ర దాటిపోయింది" అన్న ఆ మాటలోనే విషయమంతా ఉంది. పసివాడికి నిద్ర వచ్చే వేళ ఒకటుంటుంది. ఆ వేళకు పడుకోబెడితే సులువుగా కన్నుమూస్తాడు. అది దాటిపోతే శరీరం మరోలా స్పందిస్తుంది. మెలకువగా ఉండక తప్పదన్నట్టు కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లను పెంచుకుంటుంది. అందుకే అతిగా అలసిన పిల్లవాడు నీరసంగా కనిపించడు. ఉన్నట్టుండి హుషారెక్కినట్టు గంతులేస్తాడు, నవ్వుతూనే ఏడుపులోకి జారిపోతాడు, చిన్న విషయానికే పెద్ద రగడ చేస్తాడు. పెద్దవాళ్లం అలసిపోతే కూలబడతాం. పసివాళ్లు అలసిపోతే రెచ్చిపోతారు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే "ఇంత హుషారుగా ఉన్నాడు, వీడికి నిద్రెక్కడిది?" అనుకుని ఇంకాసేపు ఆడిస్తాం.

నిద్రకు ముందు పిల్లలు ఇచ్చే సైగలు చాలా మెత్తనివి. చూపు ఒకచోట నిలిచిపోవడం, బొమ్మమీద ఆసక్తి తగ్గడం, మాట్లాడించినా ముఖం పక్కకు తిప్పుకోవడం తొలి గుర్తులు. తర్వాత ఆవులింత, కళ్లు నులుముకోవడం, చెవి లాక్కోవడం వస్తాయి. ఇవి కనబడినప్పుడే పడుకోబెట్టాలి. పిడికిళ్లు బిగించడం, వెన్ను వెనక్కి వంచడం, పాలు పట్టినా తాగకుండా ఏడవడం, ఎత్తుకున్నా దించినా ఊరుకోకపోవడం కనిపిస్తే వేళ అప్పటికే దాటిందని అర్థం. అలా దాటాక పడుకున్న బిడ్డ గాఢంగా నిద్రపోతుందనుకుంటే పొరబాటు. చాలామంది అరగంట, ముప్పావు గంటకే ఉలిక్కిపడి లేస్తారు.

ఎంత నిద్ర కావాలి అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక మార్గదర్శకం ఇచ్చింది. పగటి నిద్రతో కలిపి రోజుకు 3 నెలలలోపు శిశువుకు 14 నుంచి 17 గంటలు, 4 నుంచి 11 నెలల వారికి 12 నుంచి 16 గంటలు, 1, 2 ఏళ్ల వారికి 11 నుంచి 14 గంటలు, 3, 4 ఏళ్ల వారికి 10 నుంచి 13 గంటలు. రెండు నిద్రల మధ్య ఎంతసేపు మేలుకోగలరన్నది బిడ్డబిడ్డకూ మారుతుంది. అయినా స్థూలంగా ఒక అంచనా ఉంది. నెలల పిల్లలు గంట, గంటన్నరకే అలసిపోతారు. ఆరు నెలలకు అది రెండు, మూడు గంటలవుతుంది. ఏడాది నిండాక మూడు, నాలుగు గంటలు. బస్టాండులోని ఆ బాబు ఐదు గంటలకు పైగా మేలుకుని ఉన్నాడు.

గురజాల దారిలో

బస్సు పిడుగురాళ్ల మీదుగా సాగింది. సున్నపురాయికి పేరుపడిన ఊరది. గురజాల వైపు తిరిగాక నల్లరేగడి చేలు మొదలవుతాయి. సాగర్ కుడి కాలువ వచ్చాక ఈ నేలలో మిర్చి, పత్తి విరివిగా పండుతున్నాయి. మే నాటికి చేలు ఖాళీగా ఉంటాయి కానీ, జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఇవి మిర్చి కోతలతో ఎర్రబడి ఉంటాయి. కర్నూలు వైపు నుంచి కూడా కుటుంబాలకు కుటుంబాలు కూలికి వస్తాయి. తల్లి కోతలో ఉంటే బిడ్డ గట్టున వేపచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో ఉంటుంది.

ఆ తల్లికి గదులు, వేళలు, నిశ్శబ్దం గురించి చెప్పడం న్యాయం కాదు. అయినా ఆమె చేస్తున్న పనిలోనే మనం నేర్చుకోదగ్గది ఉంది. బిడ్డ ముఖం వాడిపోతున్న క్షణాన్ని ఆమె దూరం నుంచే కనిపెడుతుంది. పాలు పట్టి, ఉయ్యాలలో వేసి, నాలుగు ఊపులు ఊపి మళ్లీ సాలులోకి వెళుతుంది. వరుస మారదు. పాలు, ఉయ్యాల, ఊపు. వరుస మారకపోతే చోటు మారినా బిడ్డకు నిద్ర వస్తుంది. ప్రయాణంలో ఉన్నవారికి ఇంతకంటే పనికొచ్చే పాఠం లేదు. ఇంట్లో పడుకోబెట్టే ముందు ముఖం తుడిచి, పాలిచ్చి, జోలపాడే అలవాటుంటే బస్సులోనూ, బంధువుల ఇంట్లోనూ అదే వరుస పాటించండి. ఇంటి నుంచి తెచ్చిన దుప్పటి ముక్కైనా సరే, పరిచిన వాసన అవుతుంది.

చీర ఉయ్యాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మెడ నిలవని శిశువు అందులో ముడుచుకుపోయి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరికి అడ్డం పడుతుంది. కాబట్టి ఎవరో ఒకరి చూపు దానిమీద ఉండాలి. బిడ్డ నిద్రపోయాక వీలైనంత త్వరగా చదునైన చోటికి మార్చడం మేలు.

ఈ పత్తి చేలను చూస్తే దూదేకుల సోదరులు గుర్తుకురాక మానరు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని, దాని నారి మోగిస్తూ వీధివీధి తిరిగి, ఎన్నో ఇళ్లకు పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టి ఇచ్చిన వృత్తి వారిది. ఊరందరికీ మెత్తటి నిద్రను పంచిన చేతులవి. పెద్దలకు ఆ మెత్తదనం హాయి. ఏడాదిలోపు బిడ్డకు మాత్రం అది తగదు. కొత్త దూది పరుపులో ముఖం కూరుకుపోవచ్చు, దిండు ముక్కుకు అడ్డం పడవచ్చు. పసిబిడ్డను గట్టిగా, చదునుగా ఉన్న పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టాలని పిల్లల వైద్యులు చెబుతారు. దిండు వద్దు, ముఖం మీదికి జారే దుప్పటీ వద్దు. అతిగా అలసిన బిడ్డ ఏడుపు ఆపడానికి బోర్లా పడుకోబెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అది మానుకోవలసిన అలవాటు.

ఈ దారిలో మరో దృశ్యం మనసును కలవరపెట్టింది. మోటారు సైకిలు మీద తండ్రి ముందు కూర్చున్న చిన్నారి తల ముందుకు వాలిపోతోంది. పెళ్లి ఇళ్ల నుంచి అర్ధరాత్రి తిరిగివచ్చే కుటుంబాల్లో ఇది మామూలే. నిద్రలో పిల్లల ఒళ్లు పట్టు తప్పుతుంది. 9 నెలల నుంచి 4 ఏళ్ల మధ్య పిల్లలను బైకుమీద తీసుకెళితే నడిపేవారికి కట్టి ఉంచే రక్షణ పట్టీ, తలకు హెల్మెట్ ఉండాలనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటరాదనీ కేంద్ర ప్రభుత్వం 2022లో నిబంధన తెచ్చింది. నిద్రవేళ దాటిన బిడ్డతో బైకు ప్రయాణం మానుకుని, ఆ రాత్రి అక్కడే ఉండిపోవడం అన్నిటికంటే క్షేమం.

రెంటచింతల ఎండ

గురజాల దాటి మాచర్లకు వెళ్లే దారిలో రెంటచింతల వస్తుంది. ఎండాకాలం వాతావరణ వార్తలు వినేవారికి ఈ పేరు కొత్తకాదు. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత ఎక్కడ అంటే తరచు ఈ ఊరి పేరే వస్తుంది. 45 డిగ్రీలు దాటిన రోజులు ఇక్కడ ఉన్నాయి.

ఇటువంటి ఎండలో ఒక ప్రమాదకరమైన పొరపాటు జరిగే వీలుంది. అలసటతో చిరాకుపడే బిడ్డకూ, వడదెబ్బ తగులుతున్న బిడ్డకూ తేడా తెలియకపోవడం. నిద్రలేమితో ఉన్న బిడ్డ గట్టిగా ఏడుస్తుంది, కన్నీళ్లు వస్తాయి, ఎప్పటిలా మూత్రం పోస్తుంది, కాస్త నిద్రపోయాక తేరుకుంటుంది. ఎండదెబ్బ తగిలిన బిడ్డ వేరుగా ఉంటుంది. ఒళ్లు కాలిపోతుంటుంది. నోరు ఎండుతుంది, ఏడ్చినా కన్నీరు రాదు, గంటల తరబడి మూత్రం ఉండదు, మాడు లోపలికి గుంటపడుతుంది. వాంతులు కావచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పిలిచినా, తట్టినా సరిగా కళ్లు తెరవదు. "పాపం, అలసిపోయి పడుకుంది" అనుకుని వదిలేయవలసిన నిద్ర కాదది. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, గాలి తగిలేలా చూస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అత్యవసరమైతే 108కి ఫోను చేయాలి.

ఆరు నెలలలోపు శిశువుకు ఎండల్లోనూ తల్లిపాలే చాలు, నీళ్లు పట్టనవసరం లేదు. కాకపోతే పాలు తరచుగా ఇవ్వాలి, తల్లి నీళ్లు బాగా తాగాలి. అంతకంటే పెద్ద పిల్లలకు నీళ్లు, మజ్జిగ కొద్దికొద్దిగా పడుతుండాలి. దప్పిక తీరని బిడ్డకు నిద్ర కూడా పట్టదు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు ఈ ఊళ్లలో వీధులు నిర్మానుష్యంగా ఉంటాయి. వీరు కొత్తగా కనిపెట్టినదేమీ కాదిది. ఎండ దేశాలన్నిటా మనిషి నేర్చుకున్న తెలివి. మన సంప్రదాయంలో దీనికి ఖైలూలా అని పేరే ఉంది. దివ్య ఖుర్ఆన్ నూర్ సూరా 58వ ఆయత్‌లో పిల్లలు అనుమతి అడిగి లోపలికి రావలసిన మూడు వేళలను పేర్కొన్నప్పుడు, మధ్యాహ్నం విశ్రమించే వేళ కూడా అందులో ఒకటిగా ఉంది. అంటే పగటి విశ్రాంతికి కుటుంబ జీవితంలో ఒక గౌరవస్థానం ఉందన్నమాట. పెళ్లిపిలుపులు, షాపింగులు, బంధువుల పలకరింపులు ఆ వేళలో పెట్టుకోకుండా ఉంటే పిల్లలకు పగటినిద్ర దక్కుతుంది. "పగలు పడుకుంటే రాత్రి పడుకోడు" అన్న భయంతో రెండేళ్ల పిల్లవాడి పగటినిద్ర మాన్పించేవారున్నారు. దానివల్ల రాత్రినిద్ర మెరుగుపడకపోగా మరింత చెడుతుంది. సాయంత్రం పొద్దుపోయాక పడుకోనివ్వకుండా ఉంటే చాలు.

మాచర్ల రాతి ఇళ్లలో

మాచర్ల నాపరాయికి పేరు. ఇళ్ల గచ్చుకూ, అరుగులకూ, కొన్ని పాత ఇళ్ల కప్పుకూ కూడా ఈ బండలే. పగలంతా ఎండను తాగిన రాయి రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతుంది. అందుకే బయట గాలి చల్లబడినా గది లోపల ఉడుకు తగ్గదు. పెద్దలు ఆరుబయట నులక మంచాలు వేసుకుంటారు. పిల్లలు ఉక్కలో పొర్లుతూ అర్ధరాత్రి దాకా కన్నుమూయరు. సాయంత్రం కప్పుమీద, అరుగుమీద నీళ్లు చల్లడం, పడమటి కిటికీకి మధ్యాహ్నం నుంచే తడి గోనెపట్టా కట్టడం, పడుకునే ముందు బిడ్డకు గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు కడిగి పలచని నూలు చొక్కా వేయడం ఇక్కడి తల్లులు పాటించే ఉపాయాలు. శరీరం కాస్త చల్లబడితేనే నిద్ర వస్తుంది కాబట్టి ఇవి చిన్న ఉపాయాలేమీ కావు.

పెళ్లి ఇంట్లో మాత్రం సమస్య రాతిది కాదు, మనది. నికాహ్ ఇషా తర్వాత మొదలై, విందు పదకొండుకు సాగి, ఫొటోలు పన్నెండు దాటాయి. దీపాల వెలుగు, మైకుల హోరు, చేతులు మారుతున్న పసిబిడ్డ. ప్రతి ఒక్కరికీ బిడ్డను ముద్దాడాలని ఉంటుంది, అది తప్పూ కాదు. కానీ పది చేతులు మారిన బిడ్డ ఏడవడం మొదలుపెట్టేసరికి పదిమందీ పది సలహాలిస్తారు. వాటిలో రెండింటిని గురించి ఖచ్చితంగా చెప్పాలి.

ఒకటి, "కాస్త జలుబు సిరప్ పట్టండి, హాయిగా పడుకుంటుంది" అనడం. నిద్ర కోసం మందు పట్టడం బిడ్డ ఊపిరితో ఆటాడటమే. జలుబు మందుల్లో వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ మిశ్రమాన్ని 4 ఏళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసామీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ విభాగం 2023 డిసెంబరులో ఆదేశించింది. జలుబు ఉన్నప్పుడే ఇంత హెచ్చరిక ఉంటే, ఏ జబ్బూ లేని బిడ్డకు అది పట్టడమెలా?

రెండు, ఏడుపు ఆపడానికి బిడ్డను గట్టిగా కుదపడం. మెల్లగా ఊపడం వేరు, కోపంతో కుదపడం వేరు. పసివాళ్ల మెడ బలహీనం, తల బరువు. బలంగా కుదిపితే మెదడులో రక్తనాళాలు తెగి ప్రాణం పోవచ్చు, చూపు పోవచ్చు. గంటసేపు ఏడ్చే బిడ్డతో ఎవరికైనా ఓపిక నశిస్తుంది. అలా అనిపించిన క్షణంలో బిడ్డను భద్రమైన చోట వెల్లకిలా పడుకోబెట్టి, మరొకరికి అప్పగించి, వుజూ చేసుకుని రావడం మంచిది. చల్లబడిన చేతులకే బిడ్డను శాంతపరచడం చేతనవుతుంది.

మరి అతిగా అలసిన బిడ్డను ఎలా పడుకోబెట్టాలి? ముందుగా జనం నుంచి, వెలుగు నుంచి, శబ్దం నుంచి దూరంగా తీసుకెళ్లాలి. సెల్‌ఫోను వద్దు, ఆ వెలుగు నిద్రను ఇంకా తరుముతుంది. ఒంటికి ఆనించుకుని, ఒకే లయలో మెల్లగా ఊపుతూ, ఒకే మాటనో, జోలనో, ఖుర్ఆన్ పారాయణాన్నో తగ్గుస్వరంతో వినిపించాలి. ఒకటి పనిచేయలేదని నిమిషానికొకటి మార్చకూడదు. పాలు తాగే బిడ్డయితే ఆ నిశ్శబ్దంలోనే పాలివ్వాలి. ఏడుపు ఇరవై నిమిషాలు సాగినా కంగారుపడనక్కరలేదు. పెరిగిన హార్మోన్లు దిగడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

ఆ మాచర్ల ఇంట్లో మర్నాడు అందరూ ఎత్తిపోతల జలపాతానికి బయలుదేరారు. బస్టాండులో కనిపించిన తల్లి కూడా అదే పెళ్లికి వచ్చింది. ఆమె మాత్రం వెళ్లలేదు. "చంద్రవంక ఎక్కడికీ పోదు నానీ, వీడిని పడుకోనిస్తాను" అని దాదీ గదిలో తడి గోనెపట్టా కట్టిన కిటికీ పక్కన బాబుతో ఉండిపోయింది. వాడు మధ్యాహ్నం రెండున్నర గంటలు నిద్రపోయాడు. సాయంత్రం లేచి, ముందురోజు విసిరేసిన బిస్కట్లనే అడిగి తిన్నాడు.

ఇంటి గడియారం

ఒక్కరాత్రి చెడిన నిద్ర ఒక్కరోజులో సరికాదు. ప్రయాణం నుంచి వచ్చాక రెండు మూడు రోజులు పిల్లలను మామూలు కంటే అరగంట, గంట ముందే పడుకోబెట్టాలి. ఉదయం ఒకే వేళకు లేపి, లేత ఎండ తగలనివ్వాలి. పగలూ రాత్రీ తేడాను శరీరం నేర్చుకునేది ఆ వెలుగుతోనే. పుట్టిన బిడ్డకు ఆ తేడా తెలియదు, రెండు మూడు నెలల వయసులో అది కుదురుకోవడం మొదలవుతుంది.

ముస్లిం ఇంటికి ఈ విషయంలో ఒక సౌలభ్యం ఉంది. మన రోజుకు ఐదు మైలురాళ్లు ముందే ఉన్నాయి. మే నెలలో పల్నాడులో మగ్రిబ్ ఆరున్నర దాటాక, ఇషా ఎనిమిది ప్రాంతంలో అవుతుంది. చీకటి పడేవేళ పిల్లలను ఇంట్లోకి చేర్చమని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు బుఖారీ హదీసుల్లో ఉంది. మగ్రిబ్ తర్వాత భోజనం, ఒళ్లు కడగడం, కథ, దుఆ అన్న వరుస పెట్టుకుంటే ఇషా అజాన్ నాటికి చిన్నపిల్లలు పక్కమీద ఉంటారు. ఇషాకు ముందు నిద్రపోవడం, ఇషా తర్వాత కబుర్లతో మేలుకోవడం ఆయనకు ఇష్టం కాదన్న హదీసు నమాజు విధి అయిన పెద్దలకు సంబంధించినది. పసిపిల్లలను ముందే పడుకోబెట్టడానికి అది అడ్డు కాదు. దాని రెండో సగాన్ని పెద్దలం పాటిస్తే, టీవీలు ఆగి, దీపాలు తగ్గి, ఇల్లంతా నిద్రకు సిద్ధమవుతుంది. ఇల్లు మేలుకుని ఉంటే బిడ్డ ఒక్కడినీ పడుకోమనడం కష్టం.

రమజానులో తరావీహ్, సహరీల వల్ల ఇంటి వేళలు మారతాయి. అయినా ఐదేళ్లలోపు పిల్లలను మనతోపాటు మేల్కొలపనక్కరలేదు. సహరీ వెలుగు వారి గదిలో పడకుండా చూస్తే చాలు. మసీదులో బిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి మనసు కలత చెందుతుందని దైవప్రవక్త (సఅసం) నమాజునే క్లుప్తం చేసేవారు. అంతటి సామూహిక ఆరాధననే ఒక బిడ్డ కోసం కుదించగా లేనిది, మన విందులూ ఫొటోలూ ఒక గంట ముందుకు జరగలేవా?

నికాహ్ అసర్ తర్వాత పెట్టుకోవచ్చు. శుభలేఖలో భోజనవేళ ముందుకు వేయవచ్చు. పెళ్లి ఇంట్లో ఒక గదిని పసిపిల్లల తల్లులకు కేటాయించి, అక్కడ మైకు శబ్దం చేరకుండా చూడవచ్చు. ఖర్చు లేని పనులివి. ఈ వేసవిలో మీ ఇంట శుభకార్యం ఉంటే, అతిథుల జాబితా రాసేటప్పుడే ఆ గదినీ రాసుకోండి. అల్లాహ్ మన సంతానానికి ప్రశాంతమైన నిద్రనూ, మనకు దాన్ని కాపాడే ఓర్పునూ ప్రసాదించుగాక! ఆమీన్.